చిన్న దీవిలో గాలిచాటు బీచ్‌కి వెళ్ళి రావడం ఎలా: తిరుగు పడవ నుంచి వెనక్కి లెక్క

ఫలానా దీవిలో ఒక మూలన ప్రశాంతమైన బీచ్ ఉందంట, ఎలా వెళ్ళాలి అని అడిగేవాళ్ళు ముందు ఒక ఫోటో చూపిస్తారు. అందులో నీళ్ళు అద్దంలా ఉంటాయి. అదే బీచ్‌కి గాలి మారిన రోజు వెళ్తే అద్దం ఉండదు, ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి తీసేసిన టైముకి వెళ్తే అసలు ఈదడానికి నీళ్ళే ఉండవు. అందుకే ఏ బీచ్ అన్నది సగం ప్రశ్నే, ఏ రోజు ఏ గంటకి అన్నది మిగతా సగం.

ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి, జనం లేని చోటంటే సాయం లేని చోటు కూడా. కింద రాసిన స్టెప్పులు ఈ రెండూ మనసులో పెట్టుకుని రాసినవే, వరస మార్చకుండా చేయండి.

1. ముందు తిరుగు పడవ సంగతి తేల్చుకోండి

అందరూ పొద్దున్న ఎన్నింటికి బయల్దేరాలి అని మొదలుపెడతారు. తిరగేసి మొదలుపెట్టండి. ఆఖరి పడవ సాయంత్రం 4కి అనుకోండి, రేవులో 3:30కి ఉండాలి, బీచ్ నుంచి రేవుకి 40 నిమిషాల నడక అయితే వచ్చేటప్పుడు తడి బట్టలు, అలసట, ఇసుకలో నడక అన్నీ కలిపి గంట వేస్కోండి, అంటే 2:30కి బీచ్ ఖాళీ చెయ్యాలి, సామాను సర్దడానికి ఇంకో 20 నిమిషాలు, కాబట్టి 2:10కి నీళ్ళలోంచి బయటికి. ఫోన్లో అలారం ఆ 2:10కే పెట్టండి, 4కి కాదు.

ఆఖరి పడవ మీద అసలు ఆధారపడకపోతే ఇంకా మంచిది. దానికి ముందు పడవకి ప్లాన్ చేస్కుంటే ఆఖరిది మీకు స్పేర్‌గా ఉంటుంది. సముద్రం బాలేకపోతే పడవలు రద్దవుతాయి, దానికి ఎవరూ ఏం చెయ్యలేరు, అందుకే దీవి నుంచి వచ్చిన రోజే విమానం ఎక్కేలా టికెట్లు తీస్కోకండి, మధ్యలో ఒక్క రోజైనా ఖాళీ ఉంచండి.

పడవతన్ని దిగేముందే అడగాల్సినవి:

- ఆఖరి పడవ ఎన్నింటికి, అది రోజూ ఉంటుందా?
- మమ్మల్ని ఎక్కించుకునే టైముకి నీళ్ళు ఎక్కి ఉంటాయా, తీసేసి ఉంటాయా?
- నీళ్ళు తక్కువుంటే పడవ ఎక్కడ ఆగుతుంది?
- గాలి పెరిగితే ఎక్కడికొచ్చి వెయిట్ చెయ్యాలి?
- బీచ్‌లో ఫోన్ సిగ్నల్ ఉంటుందా?

రెండో ప్రశ్న అడగక నేను ఒకసారి బాగా అనుభవించాను. పొద్దున పడవ మమ్మల్ని సరిగ్గా ఇసుక మీదే దింపింది, హాయిగా ఉంది అనుకున్నాం. సాయంత్రానికి నీళ్ళు తీసేశాయి, పడవ ఎక్కడో దూరంగా ఆగి చెయ్యి ఊపుతోంది, మధ్యలో అంతా మోకాలి లోతు నీళ్ళు, అడుగున రాళ్ళు, నాచు, పగడాల ముక్కలు, నెత్తి మీద బ్యాగులు. చెప్పులు ఎక్కడ జారిపోతాయో అని చేత్తో పట్టుకుని నడిచాను, అంతకన్నా తెలివితక్కువ పని లేదు, రెండు అరికాళ్ళూ కోసుకుపోయాయి.

2. మ్యాప్‌లో బీచ్ ఆకారం చదవండి

గూగుల్ మ్యాప్స్‌లో సాటిలైట్ వ్యూ పెట్టి దీవి చుట్టూ ఒకసారి తిరగండి. పది నిమిషాల పని, కానీ సగం విషయం ఇక్కడే తెలిసిపోతుంది.

మనకి కావాల్సింది గుర్రపు నాడాలా లోపలికి వంగిన ఒడ్డు, రెండు పక్కలా ముక్కులా పొడుచుకొచ్చిన రాతి కొనలు. ఆ కొనలు అలల్ని ఆపుతాయి. నోరు ఎంత ఇరుకైతే లోపల అంత ప్రశాంతం.

తర్వాత రంగులు చూడండి. లేత ఆకుపచ్చగా ఉంటే లోతు తక్కువ, అడుగున ఇసుక. గోధుమరంగు మచ్చలుంటే రాళ్ళో, పగడాలో, సముద్రపు గడ్డో. ఒడ్డుకి దూరంగా తెల్లటి గీత కనిపిస్తే అక్కడ పగడపు దిబ్బ మీద అలలు విరుగుతున్నాయని అర్థం, దాని లోపల నీళ్ళు చెరువులా ఉంటాయి.

ఆ తెల్ల గీత ఒకచోట తెగి, అక్కడ ముదురు నీలం దారి ఒకటి సముద్రంలోకి పోతుందేమో చూడండి. దీన్ని ఖచ్చితంగా గుర్తు పెట్టుకోవాలి. అలలు దిబ్బ మీంచి లోపలికి పోసిన నీళ్ళన్నీ మళ్ళీ బయటికి పోయేది ఆ దారిలోంచే. పైకి అదే అన్నిటికన్నా నున్నగా, అల లేకుండా, ఈతకి రా రమ్మని పిలిచేలా ఉంటుంది. లాగుడు ఉండేది కూడా అక్కడే.

3. గాలి ఎటు నుంచో చూడండి

గాలికి పేరు అది వచ్చే దిక్కుని బట్టి పెడతారు. ఈశాన్య గాలి అంటే ఈశాన్యం నుంచి వచ్చేది, కాబట్టి చాటు దొరికేది దీవికి నైరుతి వైపు. ఇది తిరగేసి అర్థం చేస్కుని సరిగ్గా గాలికి ఎదురుగా ఉన్న బీచ్‌కి వెళ్ళి కూర్చునేవాళ్ళు చాలామంది.

విండీ లాంటి యాప్‌లో వెళ్ళే రోజుకి గంట గంటకీ గాలి చూడండి. గంటకి 20 కిలోమీటర్లు దాటితే సముద్రం మీద తెల్ల నురగలు బాగా కనిపిస్తాయి, చిన్న పడవలో ప్రయాణం కుదుపులే. పొద్దున గాలి పడి ఉండి మధ్యాహ్నానికి లేవడం చాలా చోట్ల మామూలే, కాబట్టి పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చెయ్యడం మేలు. ఎండ పరంగా కూడా అదే నయం.

గాలితో పాటు స్వెల్ అని ఇంకో లెక్క ఉంటుంది, ఎక్కడో దూరాన తుఫానుకి పుట్టి ఇక్కడిదాకా నడిచొచ్చే అలలు. వీటికి మన దగ్గర గాలితో పనిలేదు, పైగా రాతి కొన చుట్టూ వంగి బీచ్ లోపలికీ వస్తాయి. యాప్‌లో ఎత్తొక్కటే చూస్తే మోసపోతాం, పక్కనే పీరియడ్ అని, అంటే ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య టైము, సెకన్లలో ఉంటుంది, అదీ చూడండి. ఒకే ఎత్తున్న అలలో పీరియడ్ 6 సెకన్ల నుంచి 12కి పెరిగితే అది మోసుకొచ్చే శక్తి దాదాపు రెట్టింపు. గాలి లేదు, ఎండ బ్రహ్మాండంగా ఉంది, అయినా అలలు దబ్బుమని పడుతున్నాయంటే కారణం ఇదే.

4. ఆటుపోట్ల టైములు రాసుకోండి

చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు (నీళ్ళు ఎక్కడం), రెండు ఆట్లు (తీసెయ్యడం). ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, కాబట్టి రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నిన్న ఎవరో 10కి వెళ్తే బాగుందన్నారని మీరు వారం తర్వాత అదే 10కి వెళ్తే లెక్క పూర్తిగా తలకిందులవుతుంది. కొన్ని చోట్ల రోజుకి ఒకే పోటు ఉంటుంది, కాబట్టి ఆ దీవికి దగ్గర రేవు పేరుతో టైడ్ టేబుల్ వెతికి చూస్కోవాలి.

అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో నీళ్ళు బాగా ఎక్కి బాగా తీస్తాయి. అష్టమి దగ్గర్లో ఆ తేడా తక్కువ. మొదటిసారి వెళ్ళేవాళ్ళు అష్టమి రోజుల్లో చూస్కోండి, హడావిడి తక్కువుంటుంది.

నీళ్ళు ఒకే వేగంతో ఎక్కవు, ఇది చాలామందికి తెలీదు. పోటుకీ ఆటుకీ తేడా 180 సెంటీమీటర్లు అనుకుంటే ఆరు గంటల్లో ఇలా మారుతుంది: మొదటి గంట 15, రెండో గంట 30, మూడూ నాలుగు గంటల్లో చెరో 45, ఐదో గంట 30, ఆరో గంట 15. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ పనికొస్తుంది. మధ్య రెండు గంటల్లోనే సగం నీళ్ళు కదిలిపోతాయి. రాళ్ళ చుట్టూ తిరిగి పక్క బీచ్‌కి నడిచి వెళ్ళినవాళ్ళు ఇరుక్కునేది ఆ రెండు గంటల్లోనే, వెళ్ళేటప్పుడు చీలమండ దాకా ఉన్న నీళ్ళు వచ్చేటప్పటికి నడుము దాకా ఉంటాయి.

ఈతకి, స్నార్కెలింగ్‌కి (మాస్క్ పెట్టుకుని తేలుతూ నీళ్ళ అడుగు చూడటం) నేనైతే పోటుకి అటో గంట ఇటో గంట ఎంచుకుంటా, నీళ్ళు నిండుగా ఉంటాయి, లాగుడు తక్కువ, పగడాలకి కాళ్ళు తగలవు. రాళ్ళ మధ్య గుంటల్లో పీతలు, చిన్న చేపలు చూడాలంటే మాత్రం ఆటు టైమే, నీళ్ళు ఇంకా తీస్తున్నప్పుడే వెళ్ళి, తిరగబడగానే వచ్చెయ్యాలి.

5. బ్యాగ్ సర్దడం

అక్కడ ఏదీ దొరకదు అనుకునే సర్దండి.

- నీళ్ళు: రోజంతా ఉండేట్టయితే మనిషికి 3 లీటర్లు, అందరిదీ ఒకే క్యాన్‌లో కాకుండా వేర్వేరు సీసాల్లో
- మడమకి పట్టీ ఉండి నీళ్ళలో జారిపోని చెప్పులు లేదా వాటర్ షూస్
- పొడుగు చేతుల స్విమ్ షర్ట్, టోపీ
- ఎస్‌పీఎఫ్ 30 లేదా పైన ఉన్న సన్‌స్క్రీన్
- థర్మాస్‌లో వేడినీళ్ళు, ఎందుకో కింద 8లో చెప్తా
- ట్వీజర్, యాంటీసెప్టిక్, గాజు గుడ్డ, ప్లాస్టర్లు, మీ రెగ్యులర్ మందులు
- విజిల్, టార్చ్, పవర్ బ్యాంక్
- రెండు చెత్త సంచులు, ఒకటి చెత్తకి, ఒకటి తడి బట్టలకి
- ఒక పొడి డ్రెస్, వాటర్‌ప్రూఫ్ బ్యాగ్‌లో

ఫోన్ పౌచ్ కొత్తదైతే ముందు రోజు లోపల టిష్యూ పేపర్ పెట్టి మూసి బకెట్లో అరగంట ముంచి చూడండి. టిష్యూ తడిస్తే పౌచ్ పోతుంది, ఫోన్ కాదు.

సన్‌స్క్రీన్ విషయంలో పిసినారితనం వద్దు, పెద్దవాళ్ళకి ఒళ్ళంతా రాయాలంటే దాదాపు 30 మిల్లీలీటర్లు పడుతుంది, రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి వచ్చాక మళ్ళీ. నీడలో కూర్చున్నాం కదా అనుకోవద్దు, పొడి ఇసుక అల్ట్రావయొలెట్ కిరణాల్ని 15 శాతం దాకా తిప్పి కొడుతుంది. ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్నవి పగడాలకి చేటని 2020 నుంచి పసిఫిక్‌లోని పలావు దేశంలో, 2021 నుంచి హవాయిలో అమ్మకం ఆపేశారు, కొనేటప్పుడు లేబుల్ చూసి జింక్ ఆక్సైడ్ ఉన్నది తీస్కుంటే సరి. స్విమ్ షర్ట్ వేస్కుంటే రాసేది కూడా సగానికి తగ్గుతుంది.

పడవలో కడుపులో తిప్పే అలవాటుంటే మాత్ర ఎక్కే ముందే వేస్కోవాలి, తిప్పడం మొదలయ్యాక పెద్దగా పనిచెయ్యదు. పడవ మధ్యలో కూర్చోండి, దూరంగా ఆకాశం నీళ్ళు కలిసే గీత చూడండి, ఫోన్ చూడొద్దు. లైఫ్ జాకెట్ వేస్కుని బకిల్స్ అన్నీ పెట్టుకోవాలి, ఒళ్ళో పెట్టుకోవడానికి కాదు అది.

6. బీచ్‌లో దిగాక మొదటి 20 నిమిషాలు నీళ్ళలోకి వద్దు

ఈ స్టెప్ దగ్గరే అందరికీ ఓపిక పోతుంది. బట్టలు విప్పి పరిగెత్తుతారు. ఆగండి.

ఇసుక మీద నాచు, పుల్లలు, గవ్వలు ఒక వరసగా పేరుకుని కనిపిస్తాయి, కిందటి పోటుకి నీళ్ళు అక్కడిదాకా వచ్చాయని గుర్తు. సామాను ఆ వరసకి ఇంకా పైన పెట్టాలి. రెండు వరసలుంటే పైదాన్నే నమ్మండి.

నీడ కోసం కొబ్బరిచెట్టు కిందకి పోవద్దు, కాయ కాకపోయినా మట్ట పడ్డా చాలు తల పగలడానికి. పేరు తెలియని చెట్టు కింద కూడా జాగ్రత్త, కరీబియన్ తీరాల్లో మంచినీల్ అని ఒక చెట్టుంది, వర్షంలో దాని కింద నిలబడితే ఆకుల మీంచి కారిన నీళ్ళకే ఒంటి మీద బొబ్బలొస్తాయి.

ఇప్పుడు కూర్చుని నీళ్ళు చూడండి. ఒక పుల్ల విసిరి అది ఎటు కొట్టుకుపోతుందో చూడండి. బయటికి పోతుంటే అక్కడ దిగొద్దు, ఇంకోచోట విసిరి చూడండి.

తర్వాత ఒడ్డున ఒకదాని వెనక ఒకటి ఒకే గీతలో కనిపించే రెండు వస్తువులు ఎంచుకోండి, ముందు ఒక బండరాయి, దాని వెనక ఒక చెట్టు అనుకోండి. నీళ్ళలో ఉన్నప్పుడు అప్పుడప్పుడు తిరిగి చూడండి. చెట్టు రాయి పక్కకి జరిగినట్టు కనిపించిందంటే జరిగింది చెట్టు కాదు, మీరు. ఈ చిన్న ట్రిక్ తెలిస్తే ప్రవాహం మిమ్మల్ని మోసుకుపోవడం మొదలైన ఐదు నిమిషాల్లోనే పట్టేస్తారు.

7. నీళ్ళలో

ఇసుక అడుగైతే కాళ్ళు ఎత్తి వెయ్యకుండా ఈడ్చుకుంటూ నడవండి, అడుగున ఇసుక కప్పుకుని పడుకున్న టేకు చేపలు (స్టింగ్‌రేలు) ఆ కదలికకి పక్కకి తప్పుకుంటాయి. తొక్కితేనే తోకతో కొడతాయి.

ఒంటరిగా దిగొద్దు. ఒకరు నీళ్ళలో ఉంటే ఒకరు ఒడ్డున, అదీ ఫోన్ చూడకుండా. పిల్లలు ఉంటే చెయ్యి చాపితే అందేంత దూరంలో పెద్దవాళ్ళు ఉండాలి, మునిగేవాళ్ళు సినిమాల్లోలాగా అరవరు, చప్పుడు లేకుండా కిందకి పోతారు.

చాటు బీచ్‌లో ఉన్న అసలు మోసం ఇదీ. గాలి దీవి వెనక నుంచి వస్తుంది కాబట్టే నీళ్ళు నున్నగా ఉన్నాయి, అంటే ఆ గాలి ఒడ్డు మీంచి సముద్రంలోకి తోస్తోంది. ఒడ్డు దగ్గర తెలీదు, చెట్ల చాటు దాటి ఒక యాభై అడుగులు పోయాక పట్టుకుంటుంది. గాలి నింపిన ట్యూబులు, పరుపులు అలా వెళ్ళిపోతాయి, మీరు ఈదే వేగం కన్నా వాటి వేగం ఎక్కువ. అందుకే అలాంటి బీచ్‌కి ఆ బొమ్మలు అసలు తీసుకెళ్ళొద్దు. కొట్టుకుపోతే వదిలెయ్యండి, వెనక పడొద్దు.

లాగుడులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదొద్దు. వెల్లకిలా తేలుతూ ఊపిరి సర్దుకోండి, చెయ్యి ఎత్తండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదుతూ లాగుడు తగ్గాక ఒడ్డు వైపు తిరగండి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెంటనే దూకొద్దు, తేలే వస్తువు ఏదైనా, మూత పెట్టిన ఖాళీ క్యాన్ అయినా సరే, విసరండి.

ఉరుము వినిపిస్తే వెంటనే బయటికి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్ళీ నీళ్ళ మాట.

8. దెబ్బ తగిలితే

ముళ్ళ చేప గుచ్చినా, టేకు చేప కొట్టినా థర్మాస్ అప్పుడు పనికొస్తుంది. వేడినీళ్ళలో చల్లనీళ్ళు కలిపి ఓర్చుకోగలిగినంత వేడి, సుమారు 45 డిగ్రీలు, అందులో కాలు 30 నుంచి 90 నిమిషాలు ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. దెబ్బ లేని కాలితో ముందు వేడి చూడాలి, నొప్పిలో ఉన్న కాలికి వేడి సరిగ్గా తెలీదు, కాలిపోతుంది. ముల్లు లోతుగా దిగితే లాగొద్దు, ఆస్పత్రికే.

జెల్లీ ఫిష్ తగిలితే మంచినీళ్ళు పొయ్యొద్దు, ఇసుకతో రుద్దొద్దు, మూత్రం సంగతి అయితే అసలే వద్దు. సముద్రపు నీళ్ళతో కడిగి అంటుకున్న పోగుల్ని ట్వీజర్‌తో తియ్యండి. వెనిగర్ కొన్ని రకాలకే మంచిది, అక్కడివాళ్ళని ముందే అడిగి పెట్టుకోండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా ఇవేవీ చేస్తూ కూర్చోకుండా సాయం పిలవాలి. చాలా దేశాల్లో 112 పనిచేస్తుంది, మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా ఇంకో నెట్‌వర్క్ ఉంటే కలుస్తుంది, ఏదీ లేకపోతే మాత్రం కలవదు, అందుకే సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో దిగగానే చూసి పెట్టుకోవాలి.

పగడం కోసుకుంటే చిన్న గీతే కదా అని వదలొద్దు. మంచినీళ్ళతో బాగా కడిగి, లోపల ముక్కలుంటే తీసి, యాంటీసెప్టిక్ రాయండి. రెండ్రోజుల్లో ఎరుపు పాకితే డాక్టర్‌కి చూపించండి.

9. ఎక్కువమంది చేసే తప్పులు, వాటికి విరుగుడు

- తప్పు: గవ్వలు ఏరుకుని రావడం. సన్యాసి పీతలకి ఒళ్ళు పెరిగేకొద్దీ పెద్ద గవ్వ కావాలి, ఖాళీ గవ్వే వాటి ఇల్లు. ఫోటో తీస్కుని వదిలెయ్యండి.
- తప్పు: లోతు తక్కువున్న చోట పగడం మీద నిలబడి మాస్క్ సర్దుకోవడం. ఇసుక ఉన్నచోటికి వచ్చి సర్దుకోండి.
- తప్పు: మాస్క్‌లో ఆవిరి పట్టిందని పదేపదే తియ్యడం. లోపలి అద్దానికి బేబీ షాంపూ ఒక చుక్క రుద్ది కడిగేస్తే చాలు.
- తప్పు: చీకటి పడ్డాక టార్చ్ వేస్కుని తిరగడం. తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరమైతే వాటి పిల్లలు వెలుతురు వైపే నడుస్తాయి, సముద్రం వదిలేసి మీ వైపు వస్తాయి.
- తప్పు: స్పీకర్ పెట్టడం. దీనికి విరుగుడు ఏముంది, ఇంట్లో వదిలి రావడమే.

10. బయల్దేరేటప్పుడు

అలారం మోగగానే లేవండి, ఇంకొక్క డుబ్కీ అనొద్దు. అందరి తలలు లెక్కపెట్టండి, నీళ్ళలో ఉన్న ఆఖరి మనిషి బయటికొచ్చాకే సర్దడం మొదలు. చెత్త సంచిలో మీదే కాకుండా దారిలో కనిపించిన సీసా ఒకటో రెండో వేస్కోండి.

బీచ్ వదిలే ముందు మీరు కూర్చున్న చోట ఇసుకని కాలితో ఒకసారి కెలకండి. కళ్ళద్దాలు, తాళం చెవులు, పిల్లల చెప్పు ఒక కాలిది, ఎప్పుడూ అక్కడే దొరుకుతాయి.